ప్రేరిత విద్యుత్ప్రవాహము: దాని దిశా నిర్ణయము

విద్యుద్దీపము, పంకా, బావినుండి నీరు తోడు మోటారు మున్నగునవి నేడు పల్లెలయందు సైతము సామాన్యములైనవి. మీట నొక్కినంతనే వెలుగు వచ్చును. ఈ విద్యుత్తు ఎట్లు పుట్టుచున్నదని యడిగినచో, డైనమోవలన అని చాలమంది చెప్పగలరు. కాని డైనమోలో ఏమి జరుగుచున్నది? అందు పుట్టిన ప్రవాహము ఒక నియతమైన దిశగానే ఏల ప్రవహింపవలయును? దానికి ఎదురుదిశగా ఏల ప్రవహింపరాదు? ఈ ప్రశ్నలకు తేటగా ఉత్తరము చెప్పువారు కొలదిమంది. విద్యార్థులు లెంజ్ నియమమును కంఠస్థము చేసి పరీక్షలయందు వ్రాయుదురే గాని, దాని లోపలి న్యాయమును విచారించువారు అరుదు. ప్రకృతి మనకు శక్తిని వెలలేక ఇచ్చునా యను పెద్ద ప్రశ్న ఈ చిన్న నియమమునందే యిమిడియున్నది. కావున విద్యార్థులకు పాఠమునందును, వారి తలిదండ్రులకు గృహవ్యవహారములందును ఉపకరించునని తలంచి, ఈ విషయమును సాధ్యమైనంత సులభముగా వ్రాయ యత్నించుచున్నాను.

కనుగొనిన విధము

1820వ సంవత్సరమున కోపెన్‌హేగెన్ నగరమునందు అయిర్‌స్టెడ్ అను పండితుడు విద్యుత్తు ప్రవహించు తీగెచెంత దిక్సూచి నుంచగా, దాని ముల్లు ప్రక్కకు తిరిగెను. విద్యుత్ప్రవాహమువలన అయస్కాంతశక్తి కలుగునని దీనిచే తేలినది. అట్లయిన అయస్కాంతమువలన విద్యుత్ప్రవాహము కలుగరాదా? ఈ ప్రశ్న ఐరోపాఖండపు శాస్త్రజ్ఞులలో పలువురిని పదునొకండు సంవత్సరములపాటు వేధించెను. బలమైన అయస్కాంతములను తీగెచుట్టల చెంత నుంచి, ప్రవాహమేమైన పుట్టునేమో యని చూచిరి. ఏమియు కానరాలేదు.

జెనీవా నగరవాసియగు కొలాడన్ అను నాతని ప్రయత్నమును గూర్చి ఒక కథ చెప్పుదురు. 1825లో ఆయన, తన గాల్వనామీటరు ముల్లుపై అయస్కాంతము నేరుగా పనిచేయకుండుటకై, ఆ పరికరమును వేఱొక గదిలో నుంచెనట. ఈ గదిలో అయస్కాంతమును చుట్టలోనికి దూర్చి, ఆ గదికి నడచిపోయి చూచునప్పటికి ముల్లు యథాస్థానమున నిశ్చలముగ నుండెడిది. నిజమునకు ప్రవాహము పుట్టియే యుండెను; ఆయన రెండవ గదికి చేరునంతలో అది నశించెను. ఆ గదిలో కన్నార్పక కూర్చుండు సహాయకు డొక్కడుండినచో, నేడు మనము చదువు పేరు వేఱొకటి యగునేమో!

ఆ కీర్తి మైకేల్ ఫారడేకు దక్కినది. ఆయన 1791లో లండను చెంత ఒక కమ్మరి యింట జన్మించెను. బడిచదువు స్వల్పము. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చుకొన చేరి, అట్ట కట్టుటకు వచ్చిన గ్రంథములనే చదివి జ్ఞానము సంపాదించెను. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు హంఫ్రీ డేవీ పండితునికి సహాయకుడయ్యెను. గణితశాస్త్రమునం దాయన ప్రవేశము కొంచెమే. కాని ప్రయోగము చేయుటయందును, చూచినదానిని ఏనాటికానాడు దినచర్య పుస్తకమున వ్రాసికొనుటయందును ఆయనకు సాటి వచ్చువారు అరుదు.

1831 ఆగస్టు 29వ తేదీన ఫారడే మెత్తని యినుముతో చేసిన యొక కడియమునకు ఒక ప్రక్కన ఒక తీగెచుట్టయు, రెండవ ప్రక్కన వేఱొక తీగెచుట్టయు చుట్టెను. రెండు చుట్టలకును నడుమ ఎట్టి సంబంధమును లేదు. మొదటి చుట్టను బ్యాటరీకి తగిలించిన క్షణమున, రెండవ చుట్టయొక్క తీగె చెంతనున్న అయస్కాంతపు ముల్లు కదలి, ఊగి, మరల తన స్థానమునకే వచ్చి నిలిచెను. బ్యాటరీనుండి ప్రవాహము ఎడతెగక వచ్చుచున్నను ముల్లు మఱి కదలలేదు. బ్యాటరీని తీసివేసిన క్షణమున ముల్లు మరల కదలెను. ఈ మారు ఎదురుదిశగా కదలెను. అక్టోబరు 17వ తేదీన కడ్డీవంటి అయస్కాంతమును తీగెచుట్టలోనికి చొప్పించినప్పుడును, వెలుపలికి లాగినప్పుడును ప్రవాహము పుట్టుట చూచెను. అదే నెల 28వ తేదీన పెద్ద అయస్కాంతముయొక్క ధ్రువముల నడుమ రాగిబిళ్ల నొకదానిని త్రిప్పి, ఎడతెగని ప్రవాహమును రాబట్టెను. డైనమోలకు మూలపురుషుడు ఆ రాగిబిళ్లయే. నవంబరు 24వ తేదీన ఈ విషయములు రాయల్ సొసైటీవారి సభయందు చదువబడెను. ఆ దినములయందే అమెరికాదేశమున జోసెఫ్ హెన్రీ అను ఉపాధ్యాయుడును ఈ సత్యమును స్వతంత్రముగ కనుగొనెను గాని, ప్రకటించుటలో ఫారడేయే ముందైనాడు.

ఈ ప్రయోగములన్నింటి సారాంశ మొక్కటే. అయస్కాంతము ఉన్నంతమాత్రమున ప్రవాహము పుట్టదు, మార్పు కావలయును. అయస్కాంతము చుట్టును బలరేఖలు వ్యాపించియుండునని ఫారడే భావించెను. కాగితముపై ఇనుపరజను చల్లి, క్రింద అయస్కాంతమునుంచి కాగితమును మెల్లగా తట్టిన, ఈ రేఖల రూపమును మీరును చూడవచ్చును. తీగెచుట్టగుండ పోవు బలరేఖల సంఖ్య పెరుగుచున్నంతసేపును, తరుగుచున్నంతసేపును అందు విద్యుత్తు ప్రేరేపింపబడును. మార్పు ఆగినంతనే ప్రవాహము ఆగును. మార్పు ఎంత త్వరితమో, చుట్టునందు చుట్లెన్ని యెక్కువో, ప్రేరణయు అంత బలమైనది.

దిశను నిర్ణయించు పద్ధతి

ప్రవాహము పుట్టునని ఫారడే చూపెను. అది ఏ దిశగా పుట్టునో అన్ని సందర్భములకును సరిపడునట్లు ఒక్క వాక్యమున చెప్పినవాడు హైన్రిక్ లెంజ్. ఈయన 1804లో దోర్పాటు పట్టణమున జన్మించి, రష్యాదేశపు సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున పనిచేసిన భౌతికశాస్త్రజ్ఞుడు. 1833లో ఆయన తన నియమమును అచ్చటి శాస్త్రపరిషత్తునకు తెలిపెను. దాని భావమిది: ప్రేరిత ప్రవాహము తన పుట్టుకకు కారణమైన మార్పును అడ్డగించు దిశగానే ఎల్లప్పుడును ప్రవహించును.

ఇచ్చట విద్యార్థులు ఒక మాటను జాగ్రత్తగా గమనింపవలయును. ప్రవాహము అయస్కాంతమును ఎదిరించునని పెక్కుమంది వ్రాయుదురు. అది సరికాదు. ప్రవాహము ఎదిరించునది మార్పును. అయస్కాంతము దగ్గరకు వచ్చుచున్నచో, "రావలదు" అని త్రోయును. దూరముగ పోవుచున్నచో, "పోవలదు" అని లాగును. రెండవ సందర్భమున అది అయస్కాంతమును ఆకర్షించుచున్నది గదా!

దిశను నిర్ణయించుటకు మూడు మెట్లు చాలును. మొదటిది: ఏ ధ్రువము, దగ్గరకు వచ్చుచున్నదా, దూరముగ పోవుచున్నదా యని చూడుడు. రెండవది: ఆ చలనమును అడ్డగించుటకు తీగెచుట్టయొక్క ఈవలి ముఖము ఏ ధ్రువము కావలయునో ఆలోచింపుడు. సజాతి ధ్రువములు ఒండొంటిని త్రోయును, విజాతి ధ్రువములు ఆకర్షించును అను సూత్రము మీ రెఱిగినదే. మూడవది: ఆ ముఖము ఆ ధ్రువమగుటకు ప్రవాహము ఎట్లు తిరుగవలయునో కుడిచేతితో నిర్ణయింపుడు. బొటనవ్రేలు ఉత్తర ధ్రువమువైపు చూపునట్లు చుట్టను కుడిచేత పట్టుకొన్నట్లు భావించినచో, తక్కిన వ్రేళ్లు చుట్టుకొను దిశయే ప్రవాహపు దిశ. ముఖమునకు ఎదురుగా నిలిచి చూచువానికి, ప్రవాహము గడియారపు ముల్లునకు ఎదురుదిశగా తిరుగుచున్న ఆ ముఖము ఉత్తర ధ్రువము. ముల్లు తిరుగు దిశగానే తిరుగుచున్న దక్షిణ ధ్రువము.

ఇక నాలుగు సందర్భములను చూతము. అన్నింటియందును మీరు అయస్కాంతము ఉన్న వైపున నిలిచి చుట్టను చూచుచున్నట్లు తలంపుడు.

1. ఉత్తర ధ్రువము దగ్గరకు వచ్చుచున్నది. దానిని త్రోయుటకు ఈవలి ముఖము ఉత్తర ధ్రువము కావలయును. కావున ప్రవాహము గడియారపు ముల్లునకు ఎదురుదిశగా తిరుగును.

2. ఉత్తర ధ్రువము దూరముగ పోవుచున్నది. దానిని లాగుటకు ఈవలి ముఖము దక్షిణ ధ్రువము కావలయును. ప్రవాహము ముల్లు తిరుగు దిశగా తిరుగును.

3. దక్షిణ ధ్రువము దగ్గరకు వచ్చుచున్నది. ఈవలి ముఖము దక్షిణ ధ్రువమగును. ప్రవాహము ముల్లు తిరుగు దిశగా తిరుగును.

4. దక్షిణ ధ్రువము దూరముగ పోవుచున్నది. ఈవలి ముఖము ఉత్తర ధ్రువమగును. ప్రవాహము ముల్లునకు ఎదురుదిశగా తిరుగును.

ఈ నాలుగింటిని కంఠస్థము చేయనక్కరలేదు. మూడు మెట్లును తెలిసినవాడు పరీక్షాశాలలో అరనిమిషములో వీనిని తానే కల్పించుకొనగలడు. అయస్కాంతమును నిలిపియుంచి తీగెచుట్టనే కదల్చినను ఫలము మారదు. రెంటి నడుమ దూరము ఎట్లు మారుచున్నదనునదే ముఖ్యము. ఫారడే కడియమునకును ఇదే న్యాయము. బ్యాటరీ తగిలించినప్పుడు బలరేఖలు పెరుగుచున్నవి గనుక, వానిని తగ్గించుటకై రెండవ చుట్టలోని ప్రవాహము ఇనుమును మొదటిదానికి ఎదురుదిశగా చుట్టివచ్చును. తీసివేసినప్పుడు బలరేఖలు తరుగుచున్నవి గనుక, వానిని నిలుపుకొనుటకై మొదటి ప్రవాహము తిరిగిన దిశగానే తిరుగును. ముల్లు రెండుమారులు రెండు దిశలకు ఊగుటకు కారణ మిదియే.

ఆ దిశయే ఏల?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ప్రవాహము మార్పును అడ్డగింపక, దానికి తోడ్పడునని ఒక్క క్షణము తలంపుడు. ఉత్తర ధ్రువమును తీగెచుట్టవైపు రవ్వంత త్రోసి విడిచితిమి. ఈవలి ముఖము దక్షిణ ధ్రువమై దానిని లాగుకొనును. అయస్కాంతము వేగముగ కదలును. వేగము పెరిగినందున ప్రవాహము పెరుగును. ప్రవాహము పెరిగినందున ఆకర్షణ పెరుగును. మరల వేగము పెరుగును. రవ్వంత త్రోపునకు ప్రతిఫలముగ అంతులేని వేగమును, తీగెయందు అంతులేని వేడియు లభించును! ఒక్క దీపమునకైనను బొగ్గు కాల్చనక్కరలేదు, నీరు విడువనక్కరలేదు. లోకమున అట్టి వింత ఎవ్వరును చూడలేదు. శక్తి శూన్యమునుండి పుట్టదు. ఒక రూపమును విడిచి వేఱొక రూపమును తాల్చును, అంతే. కావున లెంజ్ నియమము శక్తినిత్యత్వ సూత్రమునకు ఒక ముఖము. అయస్కాంతమును త్రోయునప్పుడు మన చేతికి తగులు ఆ యెదిరింపును జయించుటకు మనము చేసిన పనియే విద్యుత్తుగ మారుచున్నది. ఎదిరింపు లేనిచో పని లేదు. పని లేనిచో విద్యుత్తు లేదు.

దీనిని మీ చేతులతోనే తెలిసికొనవచ్చును. చేతితో త్రిప్పు చిన్న డైనమో మన ప్రయోగశాలలయం దుండును. దానికి దీపము తగిలింపక త్రిప్పిన తేలికగా తిరుగును. దీపము తగిలించి త్రిప్పుడు, పిడి బరువెక్కును. రెండవ దీపముకూడ తగిలించిన మఱింత బరువెక్కును. సైకిలుచక్రమునకు ఆనించు డైనమోతో రాత్రివేళ ప్రయాణము చేసినవారికి ఈ బరువు కాళ్లకు తెలియును. దీపమున వెలుగుచున్నది ఆ కాళ్ల కష్టమే.

ఈ సత్యము తెలియనందున నష్టపోవువారు కలరు. మా విద్యార్థి యొకని తండ్రి వ్యవసాయదారుడు. కరెంటు లేకయే నీరు తోడు యంత్రమని యొకడు వచ్చి, ఒక మోటారును, ఒక డైనమోను ఒకే యిరుసునకు బిగించి చూపెనట. మోటారు డైనమోను త్రిప్పును, డైనమో మోటారునకు కరెంటు ఇచ్చును, మిగిలిన కరెంటు పంపునకు చాలునని అతని మాట. ముందుగ కొంత సొమ్ము ఇమ్మని కోరెను. ఆ బాలుడు వచ్చి నన్నడిగెను. నేను ఉత్తరము చెప్పక, చేతి డైనమోకు దీపము తగిలించి త్రిప్పుమంటిని. త్రిప్పి, కొంతసేపు ఆలోచించి, "అయ్యా, పంపునకు కరెంటు తీసినకొలది డైనమో బరువెక్కును గదా! ఆ బరువును త్రిప్పుట కెక్కడినుండి బలము వచ్చును?" అని తానే అనెను. యంత్రమును ఒక పగలంతయు, లోపలి పెట్టెలన్నియు తెఱచియుంచి, పొలములో నడిపి చూపిన పిమ్మట సొమ్ము ఇత్తుమని చెప్పుడని సలహా ఇచ్చితిని. వారట్లే చెప్పిరి. ఆ మనుష్యుడు మరల రాలేదు. ఇట్టి యంత్రములను గూర్చిన ప్రకటనలు నేటికిని కానవచ్చుచున్నవి. తలిదండ్రులు ఈ ఒక్క ప్రశ్నను జ్ఞాపకమునం దుంచుకొనవలయునని మనవి: కరెంటు తీసికొన్నప్పుడు బరువెక్కు యిరుసును త్రిప్పువా డెవడు?

నిత్యజీవితమున ఈ నియమము

శ్రీశైలము ఎడమగట్టు విద్యుత్కేంద్రమున ఒక్కొక్కటి 150 మెగావాట్ల శక్తిగల 6 యంత్రములు నిర్మింపబడినవి. కృష్ణానది నీరు పై జలాశయమునుండి దిగి చక్రములను త్రిప్పును. వానితో కూడ బలమైన విద్యుదయస్కాంతములు తీగెచుట్టల నడుమ తిరుగును. సాయంకాలమున ఇండ్లయందు దీపములు వెలిగించినంతనే, జనకయంత్రముల చుట్టలయందు ప్రవాహము పెరుగును. లెంజ్ నియమము ననుసరించి ఆ ప్రవాహము తిరుగుచున్న అయస్కాంతములను మఱింతగా అడ్డగించును. చక్రము నెమ్మదింప జూచును. అప్పుడు నియామక పరికరములు ద్వారములను తెఱచి మఱికొంత నీటిని విడుచును. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తుల చొప్పున నడచుటకు ఈ జాగరూకతయే కారణము. బొగ్గు కాల్చు కేంద్రములయందును న్యాయ మిదియే. నీటికి బదులు ఆవిరి. వృథాగ వెలుగు దీప మేదైనను, ఎచ్చటనో కొంత నీటినో, కొంత బొగ్గునో ఖర్చు చేయుచునేయున్నది.

తీగెచుట్టలయందే గాక, లోహపు దిమ్మలయందును ప్రేరిత ప్రవాహములు సుడులవలె పుట్టును. మీటరు పొడవుగల దళసరి రాగిగొట్టమును నిలువుగ పట్టుకొని, అందు ఇనుపముక్కను విడిచిన అరసెకనులోపల క్రింద పడును. అదే పరిమాణముగల బలమైన అయస్కాంతమును విడిచిన, అది మెల్లమెల్లగా, తేనెలో దిగుచున్నట్లు దిగును. రాగిని అయస్కాంత మాకర్షింపదు. అయినను క్రిందనున్న గొట్టపుభాగము ప్రేరిత ప్రవాహమువలన దానిని పైకి త్రోయును, పైనున్న భాగము పైకి లాగును. కొన్ని రైళ్లయందు చలనమును ఆపుటకు ఈ యెదిరింపునే వాడుదురు. మోటారు అప్పుడు డైనమోగ మారి, బండి వేగమును విద్యుత్తుగ మార్చి పైతీగెకు తిరిగి యిచ్చును. వంటయింటి ఇండక్షను పొయ్యిలోను, సెకనునకు వేలకొలది మారులు మారు అయస్కాంతబలమువలన ఇనుపపాత్ర అడుగున ప్రవాహములు పుట్టి, పాత్రయే వేడెక్కును.

పంకా మీట నార్పునప్పుడు ఒక్కొక్కసారి నిప్పురవ్వ కనబడును. పంకాలోని చుట్ట తన ప్రవాహము తరుగుటను సహింపక, దానిని నిలుపుటకు అదే దిశగా విద్యుత్తును పుట్టించుకొనును. ఆ తాకిడికి మీటలోని సందున గాలిగుండ రవ్వ దూకును. పెద్ద మోటార్ల మీటలను తడిచేతులతో తాకరాదనుటకు గల కారణములలో ఇదియు నొకటి.

చివరగా ఒక హెచ్చరిక. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు ఫారడే కడియముయొక్క మనుమరాలే. 11,000 వోల్టుల తీగెనుండి మన యిండ్లకు తగిన 230 వోల్టులను అది యిచ్చును. కాని ప్రేరణకు ఇటు, అటు అను భేదము లేదు. కరెంటు పోయినప్పుడు కొందరు ఇంటి జనరేటరును, మార్పుమీట ఏదియు లేకయే, గోడలోని సాకెట్టుకు తగిలింతురు. అప్పుడు ఆ 230 వోల్టులు ఇంటి తీగెలగుండ వెలుపలికి పోయి, ట్రాన్స్‌ఫార్మరునందు వెనుకకు తిరిగి, స్తంభముపై వేల వోల్టులుగ పెరుగును. కరెంటు లేదని నమ్మి స్తంభమెక్కి మరమ్మతు చేయుచున్న లైనుమనిషి ప్రాణమే పోవచ్చును. జనరేటరు గలవారందరును, ఇంటి తీగెలను వీధి తీగెలనుండి పూర్తిగ విడదీయు మార్పుమీటను పెట్టించుకొనుట విధి. ఖర్చు స్వల్పము, కాపాడునది పొరుగువాని ప్రాణము.

విద్యార్థులు విచారించుటకు

ఒక రాగి ఉంగరమును, నిలువుగ నిలిపిన కడ్డీ అయస్కాంతముపైకి, అది దాని నడుమ దూరునట్లు పైనుండి విడిచితిమి. అయస్కాంతము పైకొన ఉత్తర ధ్రువము. ఉంగరము దగ్గరకు వచ్చుచున్నప్పుడు క్రిందినుండి చూచువానికి అందలి ప్రవాహము ఏ దిశగా తిరుగును? అదే ఉంగరమును రంపముతో ఒకచోట కోసి, సందు విడిచి, మరల విడిచితిమి. ఈ మారు అది త్వరగా పడునా, నెమ్మదిగా పడునా? ఏల? మూడు మెట్లను వరుసగా ఎక్కినవారికి ఈ ప్రశ్నలు కష్టము కావు. ఉత్తరములను వ్రాసి, ప్రయోగశాలయందు సరిచూచుకొనుడు.